మూడో అరలో కాగితం

"ఈ చేతిరాత ఎవరిదో చెప్పమ్మా. ఇంకేం వద్దు, అదొక్కటి చెప్పు."

పిడుగు ఆ జిరాక్సు కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా దాని మీద గ్లాసు పెట్టింది. కాగితాన్ని ఆపాల్సిన గాలేమీ లేదు గదిలో. చేతులు ఊరికే ఉండలేక పెట్టింది.

అమ్మ అటు చూడలేదు. ఆఫీసు సంచి తెరిచి కళ్ళజోడు కోసం మూడోసారి వెతుక్కుంటోంది. కళ్ళజోడు ఆవిడ కళ్ళకే ఉంది.

"ఎనిమిదిన్నరకి బస్సు. సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రానికి మీ ఆఫీసు మూసేస్తారు. రేపూ ఎల్లుండీ సెలవు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. ఇవాళ ఐదింటిలోపు నా పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కకపోతే నాకు పరీక్ష లేదు, పట్టా లేదు. నాలుగేళ్ళ ఫార్మసీ చదువు మట్టిలో కలిసిపోతుంది. సాయంత్రం మాట్లాడుకుందామట!"

అమ్మాయి పుట్టగానే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడిచిందని వాళ్ళ నాన్న పెట్టిన పేరు పిడుగు. నాన్న పోయినా పేరు నిలిచింది. ఇవాళ ఆ పేరుకి పూర్తిగా న్యాయం చేస్తోంది.

కోపం రాకేం చేస్తుంది? ఆరు వారాల కిందట, నొప్పులు మొదలై ఆసుపత్రి మంచం మీద పక్క గుడ్డ పిడికిట్లో పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, అమ్మ ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది. "సెలవు చీటీనే. సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అంది. కన్నతల్లి చెప్తే చదివి చూసే కూతురెవరు? పెట్టింది. నిన్న హాల్ టికెట్ కోసం వెళ్తే తెలిసింది, అది సెలవు చీటీ కాదని. "నేను స్వచ్ఛందంగా చదువు విరమించుకుంటున్నాను" అనే ఫారం. పేరు, తరగతి, ఫోను నంబరు, కారణం అన్న గడిలో "గర్భం". అన్నీ ఒకే గుండ్రటి అక్షరాలు. అమ్మ ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తున్నది ఆ యూనివర్సిటీలోనే, విద్యార్థుల రికార్డుల సెక్షన్లోనే.

"నాదే," అంది అమ్మ చివరికి. "నా చేతిరాతే. అయితే ఏమైంది? నిన్ను మాన్పించాలని రాశానా? కడుపుతో ఉన్న పిల్లలందరికీ మేమిచ్చేది అదే ఫారం. హాజరు తగ్గి ఫెయిలని రాయించుకోవడం కంటే గౌరవంగా ఉంటుంది. తర్వాత కావాలంటే మళ్ళీ చేరొచ్చు."

"ఎలా చేరాలి?"

"చేరొచ్చే. ఎంతమంది చేరట్లేదు!"

"ఎంతమంది చేరారు? నువ్వు చూశావా?"

అమ్మ సంచి మూసింది. "అది మా సెక్షన్ కాదు."

"మీ సెక్షన్ కాదు! సరే, నేను చెప్తా విను. ఖాళీ ఉంటేనే చేర్చుకుంటారు. ఆ ఏడాదంతా మళ్ళీ మొదట్నుంచీ చదవాలి. మూడేళ్ళు దాటితే అదీ లేదు. నిన్న ఆ కిటికీ ముందు గంటన్నర నిలబడి కనుక్కున్నా. కుట్లు లాగుతుంటే నిలబడి కనుక్కున్నానమ్మా!"

పాపను భుజాన వేసుకుని గదిలో ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతున్న పిడుగు భర్త ఆగాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను. ఎక్కడైనా ఏదైనా ఇరుక్కుపోతే విడదీయాలనిపిస్తుంది అతనికి.

"అత్తయ్య తెలిసి చేశారంటావా? ఏదో మంచికే..."

"నువ్వు మధ్యలో దూరకు."

"నేనేం దూరట్లేదు. పాప కంగారు పడుతోంది, కాస్త గొంతు తగ్గించమని."

"పాప అలవాటు చేసుకోవాలి. ఆడపిల్లగా పుట్టింది, రేపు తనకీ ఇవే అరుపులు కావాలి."

అంతలో అతని ఫోను మోగింది. ఏదో ఆఫీసు భవనంలో ఇద్దరు లిఫ్టులో ఇరుక్కుపోయారట. పాపను భార్య చేతికిచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వెళ్ళాలా వద్దా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళు. వాళ్ళనైనా బయటికి తియ్యి," అంది పిడుగు.

అతను మెట్లు దిగాడు. పాప ఎక్కిళ్ళు పెడుతోంది. పిడుగు ఒక చేత్తో పాప వీపు నిమురుతూ, రెండో చేత్తో ఫోను తీసింది.

"నిన్న మా ల్యాబు మేడం పంపింది ఇది. మీ యూనివర్సిటీ నియమమే. చదువుతున్నా విను. గర్భిణులకీ బాలింతలకీ పన్నెండు వారాల సెలవు హక్కుగా ఇవ్వాలి. ఆ వారాలు హాజరుగానే లెక్కపెట్టాలి. బిడ్డకి పాలివ్వడానికి పరీక్ష మధ్యలో విరామం ఇవ్వాలి, గది చూపించాలి. చదువు మానుకోమని ఏ ఉద్యోగీ సూచించకూడదు. ఎనిమిదేళ్ళయింది ఇది వచ్చి. ఎనిమిదేళ్ళు! మీకెవరికీ తెలీదా?"

ఇక్కడ అమ్మ "తెలీదు" అనేస్తే అయిపోయేది. పిడుగు కూడా ఆ మాట కోసమే ఎదురుచూసింది. తెలియక చేసిందనుకుంటే కాస్త ఊపిరాడేది.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తెలుసు," అంది. "ఆ సర్క్యులర్ నా బల్ల మీదికే వచ్చింది. రిజిస్టర్లో ఎక్కించింది నేనే. సార్ దగ్గరికి తీసుకెళ్తే, ఫారం వచ్చాక చూద్దాం, ఫైల్లో పెట్టండి అన్నారు. పెట్టాను. ఫారం రాలేదు."

"ఏం ఫారం?"

"సెలవు ఫారం. పైనుంచి అచ్చు వేయించి పంపాలి కదా. ఫారం లేకుండా సెలవు ఏ కాగితం మీద ఇస్తాం?"

"తెల్లకాగితం మీద ఇవ్వండి!"

"మా సెక్షన్లో తెల్లకాగితం తీసుకోరు," అంది అమ్మ. వేళాకోళానికి కాదు. ఎంతో మామూలుగా, అది ప్రకృతి ధర్మమన్నట్టు చెప్పింది.

పిడుగుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది గానీ చేతిలో పాప ఉంది.

"నీకు తెలియదే," అమ్మ ఇప్పుడు నెమ్మదిగా చెప్తోంది, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "బీరువాలో మొదటి అర మార్కుల నకళ్ళు. రెండో అర పేరు మార్పులు. మూడో అర విరమణలు. కడుపుతో పిల్ల కిటికీ దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే మూడో అర మీదికి పోతుంది. ఆ పిల్ల ఏమడుగుతోందో పూర్తిగా వినను కూడా వినను."

"కన్నకూతురికి కూడానా?"

"కూతురివని ముందుగానే రాసి తెచ్చాను. క్యూలో నిలబడకుండా."

పిడుగు పాపను గుడ్డలో చుట్టి, సంచిలో పాప బట్టలు రెండు జతలు కుక్కి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"మీ ఆఫీసుకి. నీ వెనకే వస్తున్నా."

ఒకే బస్సెక్కారు. ఇద్దరు పట్టే సీటు ఒక్కటే ఖాళీగా ఉంటే పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరి టికెట్టు వాళ్ళు తీసుకున్నారు. దారిలో అమ్మ రెండుసార్లు పాప కాలి మేజోడు సర్దింది, రెండుసార్లూ పిడుగు దాన్ని మళ్ళీ తనే సర్దుకుంది. కండక్టరు చూసి, "అత్తాకోడళ్ళా?" అనడిగాడు.

అమ్మ చెప్పిన ఆ సార్‌ని, రికార్డుల సెక్షన్ సూపరింటెండెంటుని, ఆఫీసులో అందరూ వెనకాల మెత్తనాయన అంటారు. చాలా మర్యాదగా మాట్లాడి, చాలా మర్యాదగా గుమ్మం దాటిస్తాడు. ఆయన మీటింగులో ఉన్నాడన్నారు. తర్వాత భోజనానికి వెళ్ళాడన్నారు. పిడుగు వరండాలో బల్ల మీద కూర్చుంది.

పాపకి ఆకలేసింది. "తల్లుల గది" అని బోర్డున్న తలుపొకటి కింది అంతస్తులో కనిపించింది. తోసి చూస్తే సగమే తెరుచుకుంది. లోపల పాత జవాబు పత్రాల మూటలు, కప్పుదాకా. ఎవరో ఎప్పుడో నియమం చదివి బోర్డు కొట్టించారు, అక్కడితో చేతులు దులుపుకున్నారు. పిడుగు మెట్ల కింద, నేల కడిగే చీపుర్ల పక్కన కూర్చుని పాలిచ్చింది. వచ్చేపోయేవాళ్ళు ముందు చూసి, తర్వాత చూడనట్టు వెళ్ళారు. తనెందుకు సిగ్గుపడాలని ఆమె ఒక్కొక్కరి మొహంలోకీ సూటిగా చూసింది.

రెండున్నరకి పిలుపొచ్చింది.

"పాపని బయట ఎవరికైనా ఇచ్చి రామ్మా. ఆఫీసులోకి పిల్లల్ని అనుమతించం," అన్నాడు మెత్తనాయన నవ్వుతూ.

"ఎవరికివ్వాలండీ? చీపుర్లకా?"

ఆయన నవ్వు చెదరలేదు. కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి, ఫారం అసలు ప్రతి తీసి ముందు పెట్టాడు. "ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"సెలవు చీటీ అని చెప్పి పెట్టించారు."

"ఎవరు?"

ఆయన బల్ల వెనక సగం అద్దాల గోడ ఉంది. అద్దంలోంచి సెక్షన్ అంతా కనిపిస్తోంది. మూడో బల్ల దగ్గర అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

"మీకు తెలుసు ఎవరో," అంది పిడుగు.

"నాకు తెలిస్తే చాలదమ్మా. కాగితం మీదుండాలి." ఆయన పెన్ను ఆమె వైపు జరిపాడు. "ఫలానా ఉద్యోగిని నన్ను తప్పుదారి పట్టించి సంతకం పెట్టించింది అని నాలుగు ముక్కలు రాసివ్వు. పది నిమిషాల్లో విరమణ రద్దు చేయిస్తాను. నీ హాల్ టికెట్టు నీ చేతికొస్తుంది. ఆవిడ మీద విచారణ అంటావా, అది తర్వాత సంగతి. ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది పాపం, పెన్షన్ ఆగుతుందేమో. నేనేం చెప్పను, నువ్వే ఆలోచించుకో. చదువుకున్నదానివి."

పిడుగు పెన్ను తీసుకుంది.

అబద్ధమెందుకు, రాసేద్దామనే అనిపించింది. పొద్దుట్నుంచీ, కాదు, నిన్నట్నుంచీ ఆ మాటే గొంతులో ఉంది. మా అమ్మే చేసింది. చేసింది నిజం కాదా? తెలిసి చేయలేదా? నాలుగేళ్ళు ల్యాబులో నిలబడి, త్రాసు ముందు ఊపిరి బిగపట్టి పొడులు తూచింది ఎందుకు, ఒక గుమాస్తా చెయ్యి అలవాటుగా బీరువాలోకి పోయిందని వదులుకోవడానికా? "నేను" అని రాసింది. "మా అమ్మ" అని రాసింది.

అక్కడ ఆగింది.

"సార్, ఆ సర్క్యులర్‌ని ఫైల్లో పెట్టమన్నది ఎవరో కూడా ఇందులోనే రాయనా?"

మెత్తనాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నీకు సంబంధం లేని విషయం."

"నా చదువు పోవడానికి సంబంధం ఉన్న విషయమే కదండీ!"

తలుపు తెరుచుకుంది. అడక్కుండా సార్ గదిలోకి అడుగుపెట్టడం ఇరవై మూడేళ్ళలో అమ్మకి అదే మొదలు. చేతుల్లో తాడుతో కట్టిన కాగితాల కట్ట ఉంది. ముక్కు మీద దుమ్ము, చీర కుచ్చిళ్ళ మీద దుమ్ము.

"అది రాయక్కర్లేదు, నేనే రాశాను," అంటూ మడతపెట్టిన తెల్లకాగితం ఒకటి బల్ల మీద పెట్టింది. "ఎప్పుడు వచ్చింది, ఎవరు ఫైల్లో పెట్టమన్నారు, ఎవరు పెట్టారు, అన్నీ ఉన్నాయి. మీ పేరుంది. నా పేరు ముందుంది."

తర్వాత కట్ట పెట్టింది.

"ఇవి ఆ సర్క్యులర్ వచ్చాక ఇచ్చిన విరమణలు. గర్భం అని, బిడ్డ చిన్నది అని రాసున్నవి. ముప్పై ఏడు. అన్నీ నా చేతిరాతే. ఒక్కతైనా తిరిగొచ్చిందేమోనని పక్క సెక్షన్ రిజిస్టర్ తిరగేశాను. ఒక్కతీ రాలేదు సార్. అది మా సెక్షన్ కాదని నేనెప్పుడూ చూడలేదు." అమ్మ కట్ట మీద అరచెయ్యి ఆనించింది. "మా అమ్మాయిది రద్దు చేస్తే ఇవీ చెయ్యాలి."

మెత్తనాయన లేచి వెళ్ళి తలుపు మూశాడు. వచ్చి కూర్చుని, కట్టని రెండు వేళ్ళతో అమ్మ వైపు జరిపాడు.

"మీరు అలిసిపోయారమ్మా. ఈ కట్ట తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టండి. ఆ తెల్లకాగితం నేను చూడలేదు. మీ అమ్మాయి ఏమీ రాయక్కర్లేదు, ఆఫీసు పొరపాటని నేనే రాసి ఒక్కటి రద్దు చేయిస్తాను. అయిదింటికి హాల్ టికెట్టు. కట్టతో కలిపి తెస్తానంటే మాత్రం అన్నీ కమిటీకి పోతాయి. మీ అమ్మాయిది కూడా. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. సోమవారం పరీక్షకి నేనేం చెయ్యలేను."

అమ్మ కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. పరీక్ష నీది."

"బాగుంది!" పిడుగు ఒంటికాలి మీద లేచింది. "ఎనిమిదేళ్ళు ఇద్దరూ కలిసి నొక్కిపెట్టి, ఇప్పుడు మళ్ళీ నా నెత్తిన పెడుతున్నారా? కట్ట వద్దంటే స్వార్థపరురాల్ని, సరేనంటే నా ఏడాది పోతుంది. ఎంత సుఖమమ్మా మీకు! నువ్వీ కట్ట మోసుకొచ్చినంత మాత్రాన నేను మర్చిపోతాననుకోకు. నాకింకా నిన్ను చూస్తుంటే ఒళ్ళు మండుతోంది."

"మండనీ," అంది అమ్మ. "నేను మర్చిపోమన్నానా?"

పిడుగు ఆ మాట పట్టించుకోనట్టే కట్ట ముడి విప్పింది. పై ఫారం చదివింది. కారణం: గర్భం. రెండోది. కారణం: గర్భం. మూడోది. కారణం: బిడ్డకి ఒంట్లో బాగాలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలు, ఇరవై రెండేళ్ళ పిల్లలు. ఎవరి సంతకం వాళ్ళది, ఒకటి పడీపడనట్టు, ఒకటి బడిపిల్ల రాసినంత శ్రద్ధగా. పైనున్న రాతలన్నీ ఒకటే. కళ్ళు మసకబారాయి. ఏడుపు కాదు, ఒట్టి కోపం. అంతమందినీ ఎంత తేలిగ్గా, ఎంత చక్కటి అక్షరాలతో పంపేశారు!

సోమవారం తొమ్మిదింటికి ల్యాబులో తన స్థలం ఖాళీగా ఉండటం ఒక్కసారి కళ్ళకి కట్టింది. తర్వాత పై ఫారంలో ఉన్న ఫోను నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు మెత్తనాయన.

"కమిటీని పిలుస్తున్నా."

నాలుగు మోతల తర్వాత ఎవరో ఎత్తారు. వెనకాల కుట్టుమిషను గిరగిరా తిరుగుతోంది, ఎవరో పిల్లవాడు ఎక్కాలు అప్పజెబుతున్నాడు. "హలో, జాకెట్లు ఇంకా కాలేదండీ, రేపు రండి."

పిడుగు నోరు తెరిచేలోపు అమ్మ ఫోను అందుకుంది.

"అమ్మా, నేను యూనివర్సిటీ రికార్డుల సెక్షన్ నుంచి మాట్లాడుతున్నా. ఏడేళ్ళ కిందట నువ్వు వస్తే విరమణ ఫారం ఇచ్చింది నేనే. ఇవ్వాల్సింది అది కాదు తల్లీ. నీకు సెలవు తీసుకునే హక్కుంది, పరీక్ష రాసే హక్కుంది. అప్పటికే నియమం వచ్చింది. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను."

మిషను ఆగిపోయింది. పిల్లవాడు ఎక్కాలు ఆపి "అమ్మా, ఎవరు?" అనడం వినిపించింది.

"మీరా," అంది ఆ గొంతు. "కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నా చెయ్యి వణుకుతోందని ఫారం మీరే నింపిపెట్టారు. ఇంటికొచ్చి మావాళ్ళకి చెప్పుకున్నానండీ, ఆ ఆఫీసులో ఎంత మంచావిడ ఉందో అని."

అమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?" అంది గొంతు. ఈసారి అందులో తడి లేదు.

"ఐదింటికి," అంది పిడుగు, అమ్మ బదులు.

"నేను బయల్దేరుతున్నా. నాతో పాటు ఆ ఏడాది ఇంకో ఇద్దరు మానేశారు, వాళ్ళనీ తెస్తా. నేనొచ్చేదాకా మూయనివ్వకండి."

మెత్తనాయన గడియారం చూసుకున్నాడు. మూడుంపావు. సొరుగులోంచి తాళాల గుత్తి తీసి లేచాడు.

"ఇవాళ సెక్షన్ మూడున్నరకే మూసేస్తున్నాం. అందరూ బయటికి వెళ్ళండి."

పిడుగు తన కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి, తలుపు తెరిచి, సరిగ్గా గుమ్మంలో వేసుకుని కూర్చుంది. సెక్షన్లో తలలన్నీ ఇటు తిరిగాయి. భుజం మీది పాపని ఒళ్ళోకి దించుకుని పాలివ్వడం మొదలుపెట్టింది.

"మూసుకోండి," అంది. "మేం లోపలే ఉంటాం. అమ్మా, రెండో నంబరు చదువు."